పాత ల్యాప్‌టాప్‌కి 1 టీబీ ఎస్‌ఎస్‌డీ, ఫుల్ హెచ్‌డీ ప్యానెల్: ఏది పడుతుంది, ఏది పట్టదు, ఎక్కడ చెడుతుంది

ప్రశ్న ఇది: నాలుగేళ్ల నాటి 15.6 అంగుళాల ల్యాప్‌టాప్. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ నిండిపోయింది. స్క్రీన్ 1366×768, మూత కాస్త వెనక్కి వంచితే రంగులు తిరగబడుతున్నాయి. 1 టీబీ ఎస్‌ఎస్‌డీ, ఫుల్ హెచ్‌డీ (1920×1080) ఐపీఎస్ (ఏ కోణం నుంచి చూసినా రంగులు తిరగబడని రకం) ప్యానెల్ వేసుకుంటే సరిపోతుందా, కొత్త మెషీనే కొనాలా?

ప్రాసెసర్ మీ పనికి చాలుతుంటే వేసుకోండి. ఈ రెండూ మారితే రోజూ వాడేవాళ్లకి తేడా బాగా తెలుస్తుంది. కాకపోతే "1 టీబీ ఎన్‌వీఎంఈ", "ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్" అన్న మాటలు చూసి కొనకండి. ఆ మాటల కింద మంచి సరుకు ఉంటుంది, నాసిరకం ఉంటుంది, మీ మెషీన్‌లో అసలు పట్టనిదీ ఉంటుంది. కొనాల్సింది మోడల్ నంబరు చూసి. ఆ నంబరు ఎక్కడ దొరుకుతుందో, దాన్నిబట్టి ఏం తెలుస్తుందో కిందనే చెబుతాను.

అన్నిటికంటే ముందు హింజ్‌లు (మూత కీళ్లు) చూడండి. చవక మోడళ్లలో హింజ్ స్క్రూలు ప్లాస్టిక్‌లో పొదిగిన చిన్న ఇత్తడి గింజల్లోకి వెళ్తాయి. హింజ్ బిగుసుకుపోతే మూత తెరిచిన ప్రతిసారీ ఆ ఒత్తిడంతా ప్లాస్టిక్ మీదే పడి, గింజలు ఊడి వచ్చేస్తాయి. మూత నెమ్మదిగా తెరుస్తూ హింజ్ పక్కన బెజెల్ (స్క్రీన్ చుట్టూ ఉండే చట్రం) విడిపోతోందేమో, కింది భాగం అంచు పైకి లేస్తోందేమో గమనించండి. టిక్కుమన్న చప్పుడు వచ్చినా అనుమానించాల్సిందే. ఆ స్థితిలో కొత్త ప్యానెల్ బిగిస్తే మెలి తిరిగే మూత దాన్నీ పగలగొడుతుంది. ముందు హింజ్‌లు, అవసరమైతే వెనక కవరు మార్చండి, తర్వాతే ప్యానెల్. అలాగే టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినట్టున్నా, అడుగు మూత సరిగ్గా కూర్చోకపోయినా లోపల బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. ఉబ్బితే దాన్ని మార్చకుండా ఇంకే పనీ పెట్టుకోవద్దు.

ఇక స్టోరేజ్. మీ బోర్డు మీద ఏ స్లాట్ ఉందన్నది మొదటి విషయం. ఎం.2 అన్నది కార్డు ఆకారం పేరు మాత్రమే. అదే ఆకారంలో సాటా (పాత, నెమ్మది మార్గం) డ్రైవ్‌లూ ఉంటాయి, ఎన్‌వీఎంఈ (పీసీఐఈ అనే వేగవంతమైన మార్గం వాడేవి) డ్రైవ్‌లూ ఉంటాయి. సాటా అయితే సెకనుకి 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. పీసీఐఈ 3.0 నాలుగు లేన్లు (డేటా వెళ్లే దారులు) అయితే 3500 దాకా, 4.0 అయితే 7000 దాకా వస్తుంది. కొన్ని పాత బోర్డుల్లో ఎం.2 స్లాట్ సాటాకి మాత్రమే కలిపి ఉంటుంది, అందులో ఎన్‌వీఎంఈ డ్రైవ్ పెడితే బయోస్‌కి (విండోస్ కంటే ముందు నడిచే, బోర్డులోని ప్రోగ్రాం) కనిపించదు. కొన్నిటిలో రెండు లేన్లే ఉంటాయి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రాం తెరిచి ట్రాన్స్‌ఫర్ మోడ్ దగ్గర చూడండి: గీతకి ఎడమ పక్కది ఇప్పుడు నడుస్తున్న వేగం, కుడి పక్కది డ్రైవ్‌కి సాధ్యమైన వేగం. ఎడమది తక్కువగా ఉంటే హద్దు స్లాట్‌దే. 4.0 డ్రైవ్ 3.0 స్లాట్‌లో ఇబ్బంది లేకుండా పనిచేస్తుంది, 3.0 వేగంతో. కాబట్టి మీకు 3.0 స్లాటే ఉంటే వేగం అంకెల కోసం అదనంగా ఖర్చు పెట్టకండి, ఆ డబ్బు మెమరీ రకం మీద పెట్టండి.

పొడవు కూడా ముఖ్యమే. 2280, 2242, 2230 అన్న అంకెల్లో 22 వెడల్పు, మిగతాది పొడవు, అన్నీ మిల్లీమీటర్లలో. స్క్రూ దిగే స్టాండాఫ్ ఎక్కడుందో చూస్తే ఏది పడుతుందో తెలిసిపోతుంది. 2230 డ్రైవ్‌ని 2280 చోట పెట్టాలంటే చిన్న పొడిగింపు బ్రాకెట్ దొరుకుతుంది, 2280ని 2230 చోట పెట్టే దారి లేదు. మందం సంగతి చాలామంది మరిచిపోతారు. రెండు వైపులా చిప్‌లున్న డ్రైవ్ పలుచటి ల్యాప్‌టాప్‌లో కింద బోర్డుకి ఆనుకుని వంగుతుంది. 1 టీబీలో ఎక్కువ మోడళ్లు ఒకవైపు చిప్‌లతోనే వస్తాయి గానీ 2 టీబీ, 4 టీబీ తీసుకునేవాళ్లు డేటాషీట్‌లో "సింగిల్ సైడెడ్" అని ఉందో లేదో తప్పకుండా చూసుకోవాలి. ఇక ఈఎంఎంసీ స్టోరేజ్ ఉన్న చవక మెషీన్లలోనూ, ఆపిల్ సిలికాన్ మ్యాక్‌బుక్‌లలోనూ స్టోరేజ్ బోర్డుకే అతికించి ఉంటుంది. అక్కడ ఉన్నదాన్ని తీసి కొత్తది పెట్టడం కుదరదు.

డ్రైవ్ ఎంచుకోవడంలో నా అభిప్రాయం సూటిగా: ల్యాప్‌టాప్‌లో ఒక్క డ్రైవే ఉండి, విండోస్ దాని మీదే నడుస్తుంటే టీఎల్‌సీ తీసుకోండి, క్యూఎల్‌సీ వద్దు. టీఎల్‌సీ మెమరీలో ఒక్కో గడిలో మూడు బిట్లుంటే, క్యూఎల్‌సీలో నాలుగు ఇరికిస్తారు. రాయడం నెమ్మదవుతుంది, అరుగుదల త్వరగా వస్తుంది. ఇది బయటికి తెలియకుండా ఖాళీ జాగాలో కొంత భాగాన్ని వేగవంతమైన కాష్‌గా (తాత్కాలిక నిల్వగా) వాడతారు. ఖాళీ ఉన్నన్నాళ్లూ బాగానే ఉంటుంది. డ్రైవ్ ముప్పాతిక నిండాక కాష్ చిన్నదైపోతుంది. అప్పుడు 100 జీబీ వీడియోలు కాపీ చేస్తే కాసేపటికే వేగం సెకనుకి 100 ఎంబీ దరిదాపుల్లోకి పడిపోతుంది, అంటే పాత హార్డ్ డిస్క్ స్థాయికి. తయారీదారు ఇచ్చే టీబీడబ్ల్యూ (మొత్తం ఎన్ని టీబీలు రాయొచ్చన్న హామీ) అంకె చూస్తే రకం చాలావరకు బయటపడుతుంది. 1 టీబీ టీఎల్‌సీ డ్రైవ్‌లకి సాధారణంగా 600 టీబీ రాతల హామీ ఉంటుంది, క్యూఎల్‌సీ వాటికి 200 చిల్లర ఉండటం మామూలే. ప్యాకెట్ మీద మెమరీ రకం ఎక్కడా రాయలేదంటే క్యూఎల్‌సీ అనే అనుకోండి.

డీర్యామ్ (ఏ డేటా ఎక్కడుందో పట్టికలు పెట్టుకునేందుకు డ్రైవ్ మీదే ఉండే మెమరీ చిప్) లేని డ్రైవ్‌లంటే భయపడక్కర్లేదు. ఎన్‌వీఎంఈలో డ్రైవ్ తన పట్టికల కోసం కంప్యూటర్ మెమరీలో కొంచెం అరువు తీసుకుంటుంది, దీన్నే హెచ్‌ఎంబీ అంటారు. ల్యాప్‌టాప్ పనులకి అది చాలు. పైగా కరెంటు తక్కువ తాగుతుంది, వేడి తక్కువ. సాటా ఎస్‌ఎస్‌డీలకి ఈ సౌకర్యం లేదు కాబట్టి సాటాలో మాత్రం డీర్యామ్ ఉన్నదే తీసుకోండి.

విప్పే ముందు డేటా సంగతి. ఇక్కడే ఎక్కువ నష్టాలు జరుగుతాయి. విండోస్ హోం ఎడిషన్‌లో కూడా డివైస్ ఎన్‌క్రిప్షన్ (డేటాకి వేసే తాళం) మీకు తెలియకుండానే ఆన్ అయి ఉండొచ్చు. బయోస్‌లో కొన్ని సెట్టింగులు మారిస్తే అది 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ లేకపోతే డేటా పోయినట్టే, ఏ రిపేరు వాళ్లూ తెచ్చి ఇవ్వలేరు. ముందు కీని మైక్రోసాఫ్ట్ ఖాతాలో చూసి కాగితం మీద రాసుకోండి. తర్వాత ఎన్‌క్రిప్షన్ పూర్తిగా తీసేసి, అది ముగిసేదాకా ఆగి, అప్పుడు క్లోన్ (పాత డ్రైవ్‌ని ఉన్నది ఉన్నట్టు కొత్తదానిలోకి కాపీ చేయడం) మొదలుపెట్టండి. కొత్త డ్రైవ్ మీద మళ్లీ ఆన్ చేసుకోవచ్చు.

స్లాట్ ఒకటే ఉంటే కొత్త డ్రైవ్‌ని యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో (డ్రైవ్‌ని బయటినుంచి కలిపే చిన్న డబ్బా) పెట్టి క్లోన్ చేయాలి. ఎన్‌క్లోజర్ లోపలి చిప్ చూసి కొనండి: ఆర్‌టీఎల్9210బీ అయితే సాటా, ఎన్‌వీఎంఈ రెండూ తీసుకుంటుంది, జేఎంఎస్583 అయితే ఎన్‌వీఎంఈ ఒక్కటే. పని అయ్యాక పాత డ్రైవ్‌ని అందులోనే పెట్టి బ్యాకప్‌కి వాడుకోవచ్చు. క్లోనింగ్‌కి క్లోన్‌జిల్లా ఉచితం, నమ్మకమైనది. ఒక్కటే చిక్కు: చాలా ల్యాప్‌టాప్‌లలో సి డ్రైవ్ తర్వాత చిన్న రికవరీ పార్టిషన్ (డ్రైవ్‌లో విడిగా కేటాయించిన భాగం) ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు క్లోన్ చేస్తే మిగిలిన 700 జీబీ ఆ రికవరీ పార్టిషన్‌కి అవతల పడుతుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఎక్స్‌టెండ్ అన్న మాట వెలిసిపోయి నొక్కుడుపడదు. డ్రైవ్ చెడిపోయిందేమో అని కంగారు పడొద్దు. జీపార్టెడ్ (పార్టిషన్లు మార్చే ఉచిత ప్రోగ్రాం) యూఎస్‌బీ నుంచి బూట్ చేసి రికవరీ పార్టిషన్‌ని డ్రైవ్ చివరికి జరిపి, సి డ్రైవ్‌ని పెంచితే సరి. ఎన్‌క్రిప్షన్ ముందే తీసేయమన్నది ఇందుకు కూడా.

క్లోన్ అయ్యాక మొదటిసారి బూట్ చేసేటప్పుడు రెండు డ్రైవ్‌లూ కలిపి ఉంచకండి. రెండిటికీ ఒకటే గుర్తింపు సంఖ్య ఉండటంతో విండోస్ తికమకపడి ఒకదాన్ని ఆఫ్‌లైన్ చేస్తుంది. క్లోన్ బదులు విండోస్ కొత్తగా వేసుకుందామంటే ఇంకో అడ్డంకి ఉంది. ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి మెషీన్లలో చాలావాటికి బయోస్‌లో వీఎండీ (డ్రైవ్‌లని ఇంటెల్ సొంత పద్ధతిలో నడిపే సెట్టింగు) ఆన్‌లో ఉంటుంది. ఇన్‌స్టాలర్‌కి డ్రైవే కనిపించదు. ల్యాప్‌టాప్ తయారీదారు సైటు నుంచి ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ (స్టోరేజ్) డ్రైవర్ దింపి, జిప్ విప్పి ఆ ఫోల్డర్‌ని ఇన్‌స్టాల్ యూఎస్‌బీలోనే పెట్టుకోండి. లోడ్ డ్రైవర్ నొక్కి దాన్ని చూపిస్తే డ్రైవ్ ప్రత్యక్షమవుతుంది.

విప్పేటప్పుడు షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి. లేకపోతే ఫాస్ట్ స్టార్టప్ వల్ల మెషీన్ పూర్తిగా ఆగదు. చార్జర్ తీసేయండి. కొన్ని బయోస్‌లలో లోపలి బ్యాటరీని ఆపేసే ఎంపిక ఉంటుంది, ఉంటే వాడండి. స్క్రూలకి ఎక్కువగా పీహెచ్0 (చిన్న ప్లస్ ఆకారపు బిట్), ఎం.2 స్క్రూకి పీహెచ్0 లేదా పీహెచ్00 బిట్. రబ్బరు కాళ్ల కింద దాక్కున్న స్క్రూలు ఉంటాయి. ఎక్కడైనా కవరు మొండికేస్తే బలం పెట్టకుండా ముందు అక్కడ స్క్రూ వెతకండి. స్క్రూల పొడవులు వేరువేరుగా ఉంటాయి. పొట్టిది దిగాల్సిన చోట పొడుగుది బిగిస్తే పైన చేతులు ఆనే భాగంలోకి పొడుచుకుని వస్తుంది. అందుకే ఒక కాగితం మీద అడుగు మూత బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టండి. కవరు తీయగానే మొదటి పని బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం. డ్రైవ్‌ని సుమారు 30 డిగ్రీల కోణంలో స్లాట్‌లోకి చివరిదాకా తోసి, కిందికి వంచి, ఎం2×3 (2 మి.మీ. లావు, 3 మి.మీ. పొడవు) స్క్రూ బిగించండి. వేలితో బిగిసినంత తర్వాత పావు చుట్టు చాలు. పాత డ్రైవ్ మీద థర్మల్ ప్యాడ్ ఉంటే అదే మందంలో కొత్తది వేయండి. మందం ఎక్కువైతే కవరు మూసినప్పుడు డ్రైవ్ వంగుతుంది, తక్కువైతే ప్యాడ్ లోహానికి తగలక వేడి దిగదు.

బూట్ అయ్యాక 1 టీబీ బదులు 931 జీబీ కనిపిస్తే అది లెక్కల తేడా, మోసం కాదు. మోసం ఉందేమో తేల్చాలంటే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ ప్రోగ్రాంతో మొత్తం జాగా ఒకసారి నింపి చదివించండి. కొత్తదని అమ్మిన డ్రైవ్‌కి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో వాడకం గంటలు వందల్లో ఉన్నా, పర్సంటేజ్ యూజ్డ్ సున్నా కాకుండా నాలుగో అయిదో ఉన్నా అది వాడిన సరుకే, తిప్పి పంపండి. మీడియా ఎర్రర్స్ ఎప్పుడూ సున్నాయే ఉండాలి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉంటే డేటా ఎక్కించే ముందే చేసేయండి. పాత డ్రైవ్‌ని కొన్ని వారాలు చెరపకుండా అలాగే ఉంచండి.

ర్యామ్ 4 జీబీయే ఉంటే, అడుగు మూత తీసినప్పుడే పెంచేయండి, స్లాట్ ఉంటే. డీడీఆర్4, డీడీఆర్5 ఒకదాని స్లాట్‌లో ఒకటి పట్టవు. ఎల్‌పీడీడీఆర్ అయితే సాధారణంగా అది బోర్డుకే అతికించి ఉంటుంది.

ఇప్పుడు డిస్‌ప్లే. ఎస్‌ఎస్‌డీ కంటే ఇదే కష్టం, ఎందుకంటే ఒకే ల్యాప్‌టాప్ మోడల్‌లో రెండు మూడు కంపెనీల ప్యానెళ్లు వస్తాయి, పక్కపక్కనే పెట్టి చూస్తే ఒకదానికొకటి పొంతన ఉండదు. విప్పకుండానే మీ ప్యానెల్ నంబరు తెలుసుకోవచ్చు: హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రాంలో మానిటర్ విభాగంలో చాలావాటికి కనిపిస్తుంది. లేకపోతే ప్యానెల్ వెనక స్టికర్ మీద ఉంటుంది. ఆ నంబరు చదవడం నేర్చుకుంటే సగం పని అయిపోతుంది. ఏయూఓ కంపెనీ ప్యానెళ్లలో బీ156హెచ్‌టీఎన్ అంటే 15.6 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీఎన్ (కోణం మారితే రంగులు మారే చవక రకం), బీ156హెచ్‌ఏఎన్ అంటే ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ తరహా. బీఓఈలో ఎన్‌టీ156 అని మొదలైతే టీఎన్, ఎన్‌వీ156 అని మొదలైతే ఐపీఎస్ తరహా. తర్వాత డబ్ల్యూహెచ్‌ఎం ఉంటే 1366×768, ఎఫ్‌హెచ్‌ఎం ఉంటే 1920×1080. ఇన్నోలక్స్‌లో ఎన్156హెచ్‌జీ వరస టీఎన్, ఎన్156హెచ్‌సీ వరస ఐపీఎస్. మీ ప్యానెల్ తప్పకుండా టీఎన్ అయి ఉంటుంది. కిందినుంచి చూస్తే రంగులు తిరగబడటం దాని లక్షణమే, సెట్టింగులతో పోదు.

ఐపీఎస్‌లోనూ రెండు తరగతులున్నాయి. డేటాషీట్‌లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలత) అని ఉంటే ఎస్‌ఆర్‌జీబీ (కంప్యూటర్ల ప్రామాణిక రంగుల సముదాయం) రంగుల్లో సుమారు 62 శాతమే చూపిస్తుంది: ఎరుపు ఇటుక రంగులా, మనుషుల ముఖాలు పాలిపోయినట్టు ఉంటాయి. 72 శాతం ఎన్‌టీఎస్‌సీ అయితే దాదాపు పూర్తి ఎస్‌ఆర్‌జీబీ. ఫోటోల పని ఉన్నవాళ్లు రెండోది తప్ప వేరేది చూడకూడదు. కోడ్, అక్షరాల పని మాత్రమే అయితే మొదటిదీ నడుస్తుంది, అక్కడ వెలుగు ముఖ్యం. 220 నిట్స్ (వెలుగు కొలత) ప్యానెల్ పగలు కిటికీ పక్కన పనికిరాదు, 300 దాటితే హాయిగా ఉంటుంది. మసక వెలుతురులో ఎక్కువ సేపు పనిచేసేవాళ్లు, కళ్లు నొప్పి పుట్టేవాళ్లు బ్యాక్‌లైట్ పీడబ్ల్యూఎంతో (వెలుగు తగ్గించడానికి దీపాన్ని వేగంగా ఆర్పి వెలిగించే పద్ధతి) మిణుకుతుందేమో రివ్యూల్లో చూసుకోండి. ఒకే రిజల్యూషన్‌లో ఉన్న రెండు ప్యానెళ్ల మధ్య అలసటలో తేడా తెచ్చేది చాలాసార్లు అదే.

మీ మెషీన్‌కి అసలు పరీక్ష కేబుల్. నేటి ప్యానెళ్లు ఈడీపీ (బోర్డునుంచి స్క్రీన్‌కి బొమ్మ పంపే పద్ధతి) కనెక్టర్‌తో వస్తాయి. ఫుల్ హెచ్‌డీ 60 హెర్ట్జ్‌కి 30 పిన్‌లు, 4కే, 144 హెర్ట్జ్ లాంటివాటికి 40 పిన్‌లు. టచ్ ప్యానెల్‌లోనే కలిసిపోయిన మోడళ్లకీ 40 పిన్‌లే. 30 పిన్‌ల మెషీన్‌లో 144 హెర్ట్జ్ ప్యానెల్ ఆశ పెట్టుకోవద్దు. మీకున్న 1366×768 ప్యానెల్‌కి ఒక్క డేటా లేన్ చాలు, అందుకని కొందరు తయారీదారులు ఆ మోడల్ కేబుల్‌లో రెండో లేన్ తీగలు అసలు వేయరు. ఫుల్ హెచ్‌డీకి రెండు లేన్లు కావాలి. కనెక్టర్ చక్కగా పట్టేస్తుంది, కానీ బొమ్మ రాదు. జనం ప్యానెల్ చెడ్డదనుకుని తిప్పి పంపుతారు, ఇంకోటి తెప్పిస్తారు, అదీ అంతే. 30 పిన్‌ల అమరికలో 3, 4 పిన్‌లు రెండో లేన్, 6, 7 పిన్‌లు మొదటి లేన్. కేబుల్ చివర భూతద్దంతో చూసి 3, 4 దగ్గర తీగలు లేవంటే మీ మోడల్‌కే ఫుల్ హెచ్‌డీ రకానికి వచ్చిన కేబుల్ కొనాలి. దాని పార్ట్ నంబరు సర్వీస్ మాన్యువల్‌లో గానీ, ఆ రకం ల్యాప్‌టాప్ విడిభాగాల జాబితాలో గానీ దొరుకుతుంది. ప్యానెల్ ఆర్డర్ పెట్టే ముందే ఇది తేల్చుకోండి.

కొలతలు కూడా సరిచూసుకోవాలి. స్క్రూలు బిగించే చెవులున్న 15.6 అంగుళాల ప్యానెల్ వెడల్పు సుమారు 359 మిల్లీమీటర్లు, సన్న బెజెల్ మెషీన్లకి వచ్చే చెవుల్లేనిది సుమారు 350. బొమ్మ కనిపించే భాగం రెండిటికీ ఒకటే కాబట్టి అమ్మేవాళ్లు "15.6 అన్నిటికీ పడుతుంది" అంటారు. నమ్మకండి. నంబరులో హైఫన్ తర్వాతి అక్షరాలు మారితే చెవులు, కనెక్టర్ ఉన్న చోటు మారవచ్చు. "కంపాటిబుల్" అని రాసి ఇంకో నంబరు పంపే అలవాటు ఈ వ్యాపారంలో విపరీతం. స్టికర్ ఫోటో అడిగి, నంబరు సరిపోయాకే తీసుకోండి.

బిగించడంలో మొదటి సూత్రం, బ్యాటరీ ఊడదీయకుండా ప్యానెల్ కేబుల్ ముట్టుకోవద్దు. బ్యాక్‌లైట్‌కి వెళ్లే వోల్టేజీ డేటా పిన్‌లది కాదు, చాలా ఎక్కువ. కనెక్టర్ వంకరగా జరిగి పక్క పిన్‌కి తగిలితే మదర్‌బోర్డు మీది చిన్న ఫ్యూజ్ కాలిపోతుంది. ఆ తర్వాత స్క్రీన్ నల్లగా ఉంటుంది, టార్చి వేసి చూస్తే బొమ్మ లీలగా కనిపిస్తుంది. అది ప్యానెల్ లోపం కాదు, ఫ్యూజ్ మారిస్తే వెలుగు తిరిగి వస్తుంది. బెజెల్‌ని లోపలి అంచునుంచి, పై మధ్య భాగంతో మొదలుపెట్టి, ప్లాస్టిక్ పనిముట్టుతో విప్పండి, హింజ్‌ల దగ్గర చివర్లో. చెవులున్న ప్యానెల్‌కి నాలుగు స్క్రూలుంటాయి. చెవుల్లేనిది సాగే జిగురు పట్టీల మీద ఉంటుంది. ఆ పట్టీ కొసని మూతకి సమాంతరంగా నెమ్మదిగా లాగుతూ ఉంటే సాగి వచ్చేస్తుంది. తొందరపడి తెంపి, తర్వాత ప్యానెల్‌ని పెకలించబోతే గాజు పగులుతుంది. కనెక్టర్ మీది టేపు తీసి, లోహపు గొళ్లెం ఎత్తి, కేబుల్‌ని ప్యానెల్‌కి సమాంతరంగా జరపాలి, పైకి లాగకూడదు. ప్యానెల్ కింది అంచున సన్నటి సర్క్యూట్ పట్టీ ఉంటుంది, అక్కడ వేలు నొక్కితే నిలువు గీతలు పడతాయి. పక్క అంచులు పట్టుకునే ఎత్తండి.

కొత్తది అతికించే ముందు కేబుల్ కలిపి, ఆ తర్వాతే బ్యాటరీ కలిపి, ఒకసారి ఆన్ చేసి చూడండి. జిగురు ఊడదీసిన ప్యానెల్‌ని చాలామంది అమ్మకందార్లు వెనక్కి తీసుకోరు, కాబట్టి పైన ఉన్న పల్చటి ఫిల్మ్ తీయకుండానే పరీక్షలన్నీ ముగించాలి. తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం నిండు తెరలు వేసి వెలగని, ఆరని చుక్కలు వెతకండి. సగం బూడిద రంగు తెర మీద మరకలు, చారలు బాగా బయటపడతాయి. చీకటి గదిలో నలుపు తెర వేస్తే అంచుల్లోంచి వెలుగు కారడం తెలుస్తుంది. మూల నుంచి చూసినప్పుడు మాత్రమే కనిపించే లేత మెరుపు ఐపీఎస్ స్వభావం. ఎదురుగా కూర్చుని చూసినా ఒక చోట పసుపు మచ్చలా ఉంటే అది లోపం, లేదా అక్కడ బెజెల్ నొక్కుతోంది. మూత కదిపినప్పుడే బొమ్మ మిణుకుతుంటే హింజ్ దగ్గర కేబుల్ నలిగింది. బయటి మానిటర్‌లోనూ అదే చెదురు కనిపిస్తే తప్పు గ్రాఫిక్స్‌ది, ప్యానెల్‌ది కాదు. డెల్ మెషీన్లలో డి కీ పట్టుకుని పవర్ నొక్కితే ప్యానెల్ స్వీయ పరీక్ష రంగులు వస్తాయి. ఆ రంగులు శుభ్రంగా ఉండి విండోస్‌లో మాత్రం బొమ్మ చెడుతుంటే ప్యానెల్ జోలికి వెళ్లక్కర్లేదు, గ్రాఫిక్స్ డ్రైవర్ తీసి మళ్లీ వేయండి.

అక్షరాల సైజు గురించి ముందే చెప్పాలి. 15.6 అంగుళాల్లో 1366×768 అంటే అంగుళానికి 100 చుక్కలు, ఫుల్ హెచ్‌డీలో 141. అంతా చిన్నగా కనిపిస్తుంది. రిజల్యూషన్ తగ్గించకండి, అలా చేస్తే అక్షరాలు మసకబారతాయి. విండోస్ స్కేలింగ్ 125 శాతం పెట్టి, క్లియర్‌టైప్ ట్యూనర్ ఒకసారి నడిపితే తెలుగు ఒత్తులు, గుణింతాలు కూడా స్పష్టంగా విడివిడిగా కనిపిస్తాయి.